జరీ దాటని గడప

రా పండూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. కథ మధ్యలో లేచి మంచినీళ్ళంటే ఊరుకోను. తాగేశావా? సరే. ఊఁ కొడుతూ ఉండు మరి. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది.

అనగనగనగా, మగ్గాల చప్పుడుతో తెల్లారి మగ్గాల చప్పుడుతోనే పొద్దుగూకే ఒక ఊళ్ళో, నేతగాళ్ళ వీధిలో, భద్రావతి అనే పిల్ల ఉండేది. భద్రా భద్రా అని పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్న మార్కండేయులు చీరలు నేసేవాడు. వాళ్ళమ్మ చంద్రమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. కండె అంటే వేలెడంత పుల్లకి చుట్టిన నూలు. దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ విసిరితే చీరలో అడ్డపోగు పడుతుంది.

నిలువు పోగుల్ని పడుగు అంటారు. పడుగు గట్టిపడాలని దానికి బియ్యం గంజి పెడతారు. గంజి ఆరిన పడుగంటే ఎలుకలకి అప్పడమే. అందుకని ఆ వీధిలో ఇంటికో పిల్లి ఉండేది.

భద్రా వాళ్ళింటికీ ఒక పిల్లికూన వచ్చింది. ఒళ్ళంతా బూడిదరంగు. వీపు మీద మాత్రం మెడ నుంచి తోక దాకా పసుపుపచ్చని గీత. చీరకి జరీ అంచు వేసినట్టే ఉందని భద్ర దానికి జరీ అని పేరు పెట్టింది. "దీన్ని నేనే పెంచుతా, నేనే అన్నీ నేర్పుతా" అంది. వాళ్ళమ్మ, "ముందు నీ జడ నువ్వు వేసుకోవడం నేర్చుకోవే" అంది.

కానీ భద్ర నిజంగానే నేర్పింది.

మొదట, పెరట్లో ఒక పాత తట్ట పెట్టి దాన్నిండా ఇసక పోసింది. జరీ అన్నం తిన్న వెంటనే ఎత్తుకెళ్ళి ఇసకలో దించేది. దించి, పక్కకి తిరిగి కూర్చునేది. పిల్లికి సిగ్గెక్కువ, చూస్తూ ఉంటే దొడ్డికి వెళ్ళదు. జరీ పని ముగించి ఇసక కప్పగానే "మా బంగారమే" అని మెడ కింద గోకేది. కొన్నాళ్ళకి జరీ తనంతట తనే తట్ట దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత, గోళ్ళ సంగతి. జరీ వంటింటి తలుపు గీకేది. భద్ర స్తంభానికి గోనెగుడ్డ చుట్టి తాడుతో బిగించింది. తలుపు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మెల్లగా ఎత్తుకొచ్చి గోనె దగ్గర నిలబెట్టేది. గోనె గీకితే వేలితో కాస్త మీగడ నాకించేది. తలుపు బతికిపోయింది.

అప్పుడు వీధంతా భద్రని మెచ్చుకుంది. పక్కింటి కోటమ్మత్త అయితే గోడ మీద నుంచి తొంగిచూసి, "నీ దగ్గర ఏ మంత్రముందే పిల్లా? ఉంటే మా ఆయనకి కూడా కాస్త వెయ్యి. ఇప్పటికీ కాళ్ళు కడుక్కోకుండా లోపలికొస్తాడు" అంది. భద్రకి ఆ మెప్పు తియ్యగా ఉంది. చాలా తియ్యగా ఉంది.

మూడోది మిగిలింది. మగ్గం గది.

జరీకి కండెలంటే పిచ్చి. ఒకటి దొర్లిందంటే దాని వెనక పరిగెత్తేది. ఒకరోజు నూలంతా లాగి గదంతా వల పన్నినట్టు చేసి, ఆ వల్లో తనే చిక్కుకుని "మ్యావ్" మంది. మార్కండేయులు నవ్వి, "మనకంటే వేగంగా నేసిందిరా ఇది" అన్నాడు. భద్ర మాత్రం నవ్వలేదు. ఇంత నేర్పిన నేను దీనికి ఇది నేర్పలేనా అనుకుంది.

మీగడతో నేర్పాలంటే ఓపిక కావాలి. భద్ర దగ్గర ఓపిక అయిపోయింది. అందుకని ఒక రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసింది. జరీ మగ్గం గది గడప మీద కాలు పెట్టగానే, డబ్బాని దాని చెవి పక్కన గలగలలాడించింది. పాపం జరీ నేల మీద నుంచి మూరెడెత్తు ఎగిరి పడింది. వెళ్ళి పొయ్యి వెనక దాక్కుంది.

మళ్ళీ వచ్చింది, మళ్ళీ గలగల. మళ్ళీ వచ్చింది, మళ్ళీ గలగల.

చివరికి రావడం మానేసింది. గడప ఇవతలే కూర్చుని లోపలికి చూసేది, అంతే.

"తప్పు కదా అమ్మమ్మా?"

తప్పే. కానీ అప్పటికి భద్రకి తెలియదు. తెలియకపోగా ఇంకా ఏం చేసిందో తెలుసా? వీధిలో పిల్లలందరినీ పిలిచింది. మగ్గం గదిలో నేల మధ్య ఎండుచేప ముక్క పెట్టింది. "చూడండి, నేను చెప్పందే మా జరీ గడప దాటదు" అంది. జరీ చేపని చూసింది. మీసాలు వణికాయి. ముందుకాలు ఎత్తింది. భద్ర డబ్బా ఊపలేదు, ఊరికే చేత్తో పట్టుకుంది. అంతే, జరీ కాలు దించేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. జరీ వణుకుతోందని భద్రకి కనబడింది. చప్పట్లు వినబడుతుంటే కనబడనట్టే ఉండిపోయింది.

ఇంతలో ఆ ఊరి అమ్మవారి చీర నేసే వంతు వాళ్ళింటికి వచ్చింది.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉండేది. ఏటా అమ్మవారికి పెట్టే చీర ఒక ఇంట్లో నేస్తారు. నూలు మాత్రం ఏ ఒక్కళ్ళదీ కాదు. ప్రతి ఇంటి నుంచీ ఒక చిలప రావాలి. చిలపంటే నూలు చుట్ట. ఒక్క మగ్గమే ఉన్నవాళ్ళూ ఇస్తారు, నేత మానేసిన ముసలివాళ్ళూ ఎక్కడో దాచుకున్నది తీసి ఇస్తారు. ఆ నూలంతా కలిపి పడుగు చేస్తారు. వీధి పొడుగునా పడుగు చాచి, అందరూ చెరో పక్క నిలబడి గంజి పెడతారు. ఆ తర్వాత ఆ ఇంట్లోనే అందరికీ భోజనం.

ఆ రోజు అలాగే పొద్దున్నే గంజి పెట్టారు. ఎండలో ఆరబెట్టి, పడుగుని చుట్టగా చుట్టి, మగ్గం గదిలో పెట్టారు. పులిహోర, పప్పు, గారెలు తిని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి నడుం వాల్చారు. మగ్గాలన్నీ ఆగిపోయి వీధి నిశ్శబ్దంగా ఉంది. భద్ర కూడా వసారాలో చాప మీద పడుకుంది.

అప్పుడు జరీ అరిచింది. మగ్గం గది గడప దగ్గర కూర్చుని, లోపలికి చూస్తూ అరిచింది. గారె ముక్క కోసమేలే అనుకుంది భద్ర. పడుకునే చెయ్యి చాపి డబ్బా గలగలలాడించింది.

జరీ కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత మళ్ళీ అరిచింది, ఈసారి గట్టిగా. "అబ్బ, నీ గోల" అని భద్ర మళ్ళీ డబ్బా ఊపింది.

మూడోసారి జరీ అరుపు వేరుగా ఉంది. గొంతు లోపల్నుంచి, బొంగురుగా. భద్ర కళ్ళు కూడా తెరవలేదు. డబ్బాని ఇంకా గట్టిగా ఊపింది. జరీ ఇక అరవలేదు.

సాయంత్రం మార్కండేయులు గదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఎంతకీ బయటికి రాలేదు. చంద్రమ్మ వెళ్ళి చూసింది. పడుగు చుట్టని ఎలుకలు ఒక పక్కంతా కొరికేశాయి. తెగిన పోగులు దువ్వెనకొచ్చిన జుట్టులా రాలి ఉన్నాయి. వీధిలో ప్రతి ఇంటి నూలూ అందులో ఉంది.

జనం చేరారు. "పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకలేమిటి?" అన్నారొకరు. "ఆ పిల్లి ఏం చేస్తున్నట్టు?" అన్నారింకొకరు. అందరూ భద్ర వైపు చూశారు. ఇంతకుముందు మెచ్చుకున్న కళ్ళే.

భద్ర తల దించుకుంది. "అది... పొయ్యి దగ్గర నిద్రపోయింది" అంది.

చూశావా పండూ, ఎంత చిన్న మాటో.

"తిండి దండగ పిల్లి. తీసుకెళ్ళి కాలవ అవతల వదిలెయ్యండి" అన్నారు పెద్దవాళ్ళు. నూలు మూటలు మోసే బండి ఒకటి కాలవ అవతల బియ్యం మిల్లు వైపు వెళ్తోంది. గోనెసంచి తెచ్చారు. కానీ జరీ ఎవరికీ దొరకలేదు. అటకెక్కింది, గాదె కిందికి దూరింది. "నీ పిలుపుకైతే వస్తుందిగా, నువ్వు పిలు" అన్నారు.

భద్ర పిలిచింది. "జరీ... రా... రా మా బంగారం" అంది.

జరీ వచ్చింది. తోక నిలబెట్టుకుని, భద్ర కాళ్ళకి ఒళ్ళు రాస్తూ వచ్చింది. భద్ర వంగి దాన్ని ఎత్తుకుంది. ఎత్తుకుని సంచిలో వేసింది. సంచి మూతి తనే కట్టింది.

...ఊఁ కొట్టవేం? నిద్రపోయావా?

"లేదు అమ్మమ్మా. చెప్పు."

ఆ తర్వాత ఇంట్లో తెగిన పోగులు అతకడం మొదలైంది. వేలికి బూడిద అద్దుకుని, ఈ కొసా ఆ కొసా కలిపి నులమాలి. ఒక్కో పోగూ అలాగే. చంద్రమ్మ ఒక పక్క, భద్ర ఒక పక్క కూర్చున్నారు. కోటమ్మత్త కూడా సాయానికి వచ్చింది. చేతులు ఊరుకున్నా ఆవిడ నోరు ఊరుకోదు కదా.

"ఏమైనా అనండి వదినా, ఆ మధ్యాహ్నం మీ పిల్లి అరుపులకి నాకు కునుకు పట్టలేదు" అంది. "ప్రసవం నొప్పులేమో అనుకున్నా. మధ్యమధ్య గలగలమని రాళ్ళ చప్పుడొకటి. అదేమిటే భద్రా?"

భద్ర వేళ్ళ మధ్య పోగు తెగింది.

"నిద్రపోయిందన్నావుగా?" అంది చంద్రమ్మ. భద్ర మళ్ళీ బూడిద అద్దుకుంది. మళ్ళీ తెగింది.

మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో కూర్చున్న మార్కండేయులు తల తిప్పాడు. కూతురి వైపు చూశాడు. భద్రకి అప్పుడు ఏడుపొచ్చింది. "నిద్రపోలేదు నాన్నా. గడప దగ్గర కూర్చుని పిలిచింది. మూడుసార్లు పిలిచింది. నేనే డబ్బా ఊపాను. నేను లోపలికి రానివ్వలేదు కాబట్టే అది రాలేదు" అంది.

కోటమ్మత్త మొదటిసారి నోరు మూసుకుంది.

మార్కండేయులు అరవలేదు. కొట్టలేదు. "తెగిన నూలు మనం అతుకుదాం. కానీ వీధంతా పిల్లిని తిట్టింది, నీ మాట నమ్మి. ఏ ఇంటి చిలప మనకొచ్చిందో ఆ ఇంటికెళ్ళి చెప్పు. ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళు" అన్నాడు.

భద్ర వెళ్ళింది. తల ఎత్తకుండా వెళ్ళింది.

మొదటి ఇంట్లో తాతగారు విని పడీపడీ నవ్వారు. "కాపలావాడి కాళ్ళు కట్టేసి దొంగలొచ్చారని ఏడ్చావన్నమాట!" అన్నారు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినబడింది.

రెండో ఇంట్లో ఒక పిన్ని నవ్వలేదు. "మూగజీవాన్ని నేనూ నోటికొచ్చినట్టు తిట్టానే. ఆ పాపం నాకెందుకు చుట్టావు?" అని తలుపేసుకుంది.

మూడో ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. నీ అంత పిల్ల ఉంది. అంతా విని ఆ డబ్బా తీసుకుంది. ఒక్కసారి గట్టిగా ఊపింది. గల్లుమంది! భద్ర ఉలిక్కిపడి గోడకి అతుక్కుపోయింది. ఊపిన చేతికి తెలియని చప్పుడు, ఎదురుగా నిలబడితే ఇంత ఉంటుందా అనుకుంది. అప్పుడా పిల్ల, "అంతలా అరిస్తే నువ్వు లేచి చూడలేదేం?" అని అడిగింది.

భద్ర డబ్బా తీసుకుని బయటికి వచ్చింది. మిగిలిన ఇళ్ళన్నిటికీ వెళ్ళింది, అందరికీ చెప్పింది. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఎక్కడా జవాబు దొరకలేదు.

ఆ తర్వాత కాలవ వంతెన దాటి బియ్యం మిల్లుకి వెళ్ళింది. ఊక కుప్ప మీద జరీ కనబడింది. చిక్కిపోయింది, కడుపు మాత్రం ఉబ్బెత్తుగా ఉంది. భద్రకి ప్రాణం లేచొచ్చింది. "జరీ... రా... రా మా బంగారం" అని పిలిచింది.

ఆ పిలుపు వినగానే జరీ చెవులు వెనక్కి వాల్చి పారిపోయింది. చూశావా, ఆ మాటలు దానికిప్పుడు సంచి మూతిలా వినబడుతున్నాయి.

మర్నాడు భద్ర ఎండుచేప పట్టుకెళ్ళింది. చేప అక్కడ పెట్టి ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంది. జరీ రాలేదు. భద్ర లేచి వంతెన దాటాక వచ్చి తినేసింది.

కోటమ్మత్త విని, "కళ్ళప్పగించి చూస్తే ఏ పిల్లి వస్తుందే? నువ్వు తింటుంటే నేను అలా నీ నోట్లోకి చూస్తే నువ్వు తింటావా?" అంది. "మళ్ళీ సంచి పట్టుకెళ్తావేమో, జాగ్రత్త. అది వెళ్ళడం సంచిలో వెళ్ళింది, వస్తే మాత్రం నడిచే రావాలి."

మూడోరోజు భద్ర పిలవలేదు, చూడలేదు. పెరుగన్నం పెట్టి వీపు తిప్పి కూర్చుంది. వెనక నాకుతున్న చప్పుడు వినబడింది. తిరగలేదు. ఆ చప్పుడు ఆగిపోయేదాకా అలాగే కూర్చుని, లేచి ఇంటికొచ్చింది. ఆ తర్వాత రోజూ అదే పని. రోజూ వెళ్ళడం, పెట్టడం, వీపు తిప్పడం, ఒక్కతే రావడం.

ఇంతలో అమ్మవారి చీర పూర్తయింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. వేలితో తడిమితే అతుకులు తగిలాయి. అమ్మవారికి కట్టిన రోజు భద్ర జనం వెనకాల నిలబడింది.

ఆ తర్వాత మిల్లులో జరీ ఈనింది. కోతలయ్యాయి, మిల్లు మరలు ఆగకుండా తిరగడం మొదలుపెట్టాయి. ఆ మోతకి భయపడి జరీ కూనల్ని నోట కరుచుకుని, ఒక్కొక్కదాన్నే వంతెన దాటించి, మళ్ళీ నేతగాళ్ళ వీధికే తెచ్చింది. పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, అలాగే తిప్పింది. కొన్నాళ్ళు కోటమ్మత్త అటక మీద. ఆ తర్వాత తాతగారి కట్టెల కొట్టంలో. ఆ తర్వాత తలుపేసుకున్న ఆ పిన్నిగారి పాత పెట్టెలో. భద్రా వాళ్ళ గుమ్మం ముందు నుంచే వెళ్ళేది, ఆగేది కాదు.

"ఏమే భద్రా, మీ ఇల్లు ఎన్నోదే?" అని వీధిలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. అంత చేసినదాన్ని, నవ్వితే పడాలి కదా అనుకునేది భద్ర. గుమ్మం పక్కన రోజూ ఒక గిన్నెలో నీళ్ళు, ఒక గిన్నెలో అన్నం పెట్టేది. మగ్గం గది తలుపు తీసే ఉంచేది.

ఒకరోజు ఎండ వసారాలోకి వచ్చే వేళకి, మార్కండేయులు నేస్తున్నాడు. భద్ర మగ్గం గదిలోనే ఒక మూల కూర్చుని కండెలు చుడుతోంది. ఉన్నట్టుండి మగ్గం ఆగింది. "కదలకు తల్లీ" అన్నాడు నాన్న, చాలా మెల్లగా.

గడప అవతల జరీ నిలబడి ఉంది. నోట్లో ఒక కూన వేలాడుతోంది. ఒళ్ళంతా నేలకి దించింది. చెవులు వెనక్కి వాల్చింది. ఏ చోటు నుంచి ఎగిరిపడేదో సరిగ్గా ఆ చోట నిలబడింది.

భద్ర కళ్ళు దించేసుకుంది. మెల్లగా పక్కకి తిరిగింది. గుండె మాత్రం దడదడలాడింది. ఆ దడ కూడా దానికి వినబడుతుందేమోనని భయపడింది.

ఎంతసేపైందో తెలియదు. అప్పుడు గడప మీద ఒక కాలు పడింది. ఆగింది. ఆ తర్వాత ఇంకో కాలు. నేల మీద మెత్తటి అడుగులు భద్ర పక్క నుంచి వెళ్ళాయి. మూలనున్న నూలు చెత్త బుట్టలో కూనని దించి, జరీ వెళ్ళిపోయింది.

కూన కళ్ళు తెరిచి చూసింది. వీపు మీద పసుపుపచ్చని గీత. "కీచ్" మంది. భద్ర చెయ్యి దానంతట అదే ముందుకెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

జరీ రెండోదాన్ని తెచ్చింది. బుట్టలోకి చూసింది. మొదటిది ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. రెండోదాన్నీ దించి వెళ్ళింది.

ఆ తర్వాత మూడోదాన్ని తెచ్చింది. ఈసారి వెళ్ళలేదు. బుట్టలోకి ఎక్కి, చుట్టుకుని పడుకుని, కూనలకి పాలిచ్చింది. భద్ర బుగ్గల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు. మార్కండేయులు మగ్గం గుంటలోంచి చప్పుడు కాకుండా లేచాడు. "ఇవాళ్టికి నేత చాల్లే" అని గుసగుసగా అని బయటికి వెళ్ళిపోయాడు.

"అమ్మమ్మా, మరి ఆ తర్వాత భద్ర పిలిస్తే జరీ వచ్చేదా?"

రాలేదు పండూ. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ పిలుపు పాడైపోయింది. భద్ర కూడా ఇంకెప్పుడూ అలా పిలవలేదు. కానీ రోజూ వేటకి వెళ్ళే ముందు జరీ ఒక్కసారి భద్ర వైపు చూసేది. చూసి, కూనల్ని ఆమె దగ్గర వదిలి వెళ్ళేది. భద్ర ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి, అది తిరిగొచ్చేదాకా ఆ బుట్ట పక్కనే కూర్చునేది.

పోగు చేరె పోగుకి,
కూన చేరె బుట్టకి,
కథ చేరె కంచికి,
కన్ను చేరు నిద్రకి.